కొండ, కోతులు, కొత్త బెల్లం: విశాఖ నుంచి బొజ్జన్నకొండకు ఎలా వెళ్లి రావాలి?

విశాఖవాసులలో అరకుకు పదిసార్లు వెళ్లినవారు బోలెడుమంది ఉంటారు. అనకాపల్లి దగ్గరి పాత బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండకు ఒక్కసారైనా వెళ్లారా అని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. వెళ్లినవారిలోనూ ఎక్కువమంది మెట్లెక్కి, బుద్ధుడి ముందు ఫోటో దిగి, అరగంటలో కారెక్కేస్తారు. కొండను, కింది చెరకు పొలాలను, ఆ రెండింటి మధ్య తిరిగే కోతులను కలిపి చూస్తేనే ఆ చోటు అర్థమవుతుంది. అందుకు ఒక పూర్తి పగలు కేటాయించండి. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

1. కాలం చూసుకోండి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. ఎండ మెత్తగా ఉంటుంది, చెరకు నరుకుతుంటారు, గానుగలు ఆడుతుంటాయి. వేసవిలో వెళ్తే ఉదయం తొమ్మిది దాటకముందే బండలు కాలడం మొదలవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు వింటే ప్రయాణం వాయిదా వేసుకోవడం మేలు. తడిసిన రాతిమెట్లు జారతాయి.

ప్రశాంతత కోరేవారు కనుమ రోజును వదిలేయాలి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ తీర్థానికి వచ్చినట్టు ఇక్కడికి వస్తాయి. బొజ్జ ఉన్న ఒక రాతిబొమ్మను రాక్షసుడనుకుని కనుమనాడు రాళ్లతో కొట్టడం చాలాకాలం ఇక్కడ ఆచారంగా సాగింది. వారసత్వ సంపద మీద మమకారం ఉన్నవారు పూనుకుని, నచ్చజెప్పి ఆ అలవాటు మాన్పించవలసివచ్చింది.

2. దారి

కొండ ఉన్న ఊరు శంకరం. అనకాపల్లి నుంచి మూడు కిలోమీటర్లు, విశాఖ నుంచి సుమారు నలభై. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. కాగితాల మీద మారింది గానీ మా నోళ్లలో అది ఇంకా విశాఖ జిల్లాయే.

ద్వారకా బస్‌స్టేషన్ నుంచి అనకాపల్లికి బస్సులున్నాయి. హౌరా–చెన్నై మార్గంలో అనకాపల్లి స్టేషనూ ఉంది. నా ఓటు రైలుకే, గాజువాక కూడలిలో గడిచే సమయం మిగులుతుంది. అనకాపల్లిలో ఆటో మాట్లాడుకునేటప్పుడు ‘బౌద్ధ క్షేత్రం’ అనకండి, ‘బొజ్జన్నకొండ’ అంటే చాలు. తిరుగు ప్రయాణానికి కూడా ముందే బేరం కుదుర్చుకోండి.

3. సంచిలో ఏమి ఉండాలి

ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, టోపీ, పట్టు జారని చెప్పులు, చిన్న సబ్బు ముక్క. సబ్బు ఎందుకో తర్వాతి అంచెలో చెబుతాను. ఉప్మానో పులిహోరో అనకాపల్లిలోనే తినేసి వెళ్లండి. తినేవి ఏవైనా తీసుకెళ్తే గట్టిగా మూత పడే డబ్బాలో పెట్టి, డబ్బాను సంచి అడుగున ఉంచండి.

4. కోతులతో మర్యాద

గుంపు ఒకేచోట కూర్చుని ఉండదు. మీరు వెళ్లిన రోజు అవి కొండ మీద ఉండవచ్చు, కింద చెట్లలోనూ ఉండవచ్చు. ఎక్కడ ఉన్నా వాటికి మన ముఖాలతో పనిలేదు, చేతులతోనే పని. ప్లాస్టిక్ కవరు గరగరలాడితే లోపల తిండి ఉందని వాటికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకసారి మా మేనకోడలు కవరులో స్వెట్టరు మోసుకుంటూ వచ్చింది. కోతి దాన్ని లాక్కుని, తెరిచి చూసి, తిండి కనిపించక విసుగ్గా కిందికి విసిరేసింది. స్వెట్టరు దొరికింది, ఒక చెయ్యి తక్కువగా.

కోతి కళ్లలోకి తేరిపార చూడకండి, పళ్లు కనిపించేలా నవ్వకండి. ఆ రెండింటినీ అవి కవ్వింపుగా తీసుకోవచ్చు. పిల్ల ఉన్న తల్లి దగ్గరికి ఫోను పట్టుకుని వెళ్లకండి. మీదికి వస్తే పరుగెత్తవద్దు. ఖాళీ చేతులు చాపి చూపించి, వీపు తిప్పకుండా మెల్లగా వెనక్కి నడవండి. ఏదైనా లాక్కుంటే వదిలేయండి. గుంజులాటలోనే గీతలు పడతాయి.

కరిచినా, గోళ్లతో గీరి రక్తం వచ్చినా వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం వంటివి పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. ‘కుక్క కాదు కదా, కోతే కదా’ అని ఊరుకునేవారిని చూశాను. ఆ ధీమా మంచిది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, అరటిపండు ఇవ్వకండి. పుణ్యం అనుకుని ఇస్తాం. మనిషి చేతి తిండికి అలవాటుపడిన గుంపు అడవి మేత వెతుక్కోవడం తగ్గించి మనుషుల చుట్టూ చేరుతుంది. సెలవు ముగిసి మనం వెళ్లిపోయాక ఎక్కడికి దిగుతుంది? కింద వేరుశెనగ చేలోకి, కూరగాయల మడిలోకి, పెంకుటింటి మీదికి. మన పుణ్యానికి ఖర్చు పెట్టేది రైతు.

5. తూర్పు కొండ: బొజ్జన్నకొండ

సంఘారామం (బౌద్ధ భిక్షువుల నివాసం) అన్న మాటే వాడుకలో శంకరం అయిందని, బుద్ధుడి కొండే బొజ్జన్నకొండ అయిందని చెబుతారు. 1906లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. బయటపడినవాటిలో సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, విషమసిద్ధి బిరుదున్న తూర్పు చాళుక్య రాజు రాగి నాణేలు ఉన్నాయి. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం వరకు ఈ కొండ మీద భిక్షువులు ఉన్నారని, బౌద్ధంలోని హీనయానం, మహాయానం, వజ్రయానం అనే మూడు శాఖలూ ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి నడిచాయని చరిత్రకారుల మాట.

మెట్లెక్కగానే పెద్ద గుహ ముందు ఆగండి. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు. లోపలికి వెళ్లి కళ్లు చీకటికి అలవాటుపడేదాకా కదలకండి. స్తంభాల మధ్య, కొండనుంచే తొలిచి విడదీసిన స్తూపం మెల్లగా తేలుతుంది. తెచ్చి పెట్టింది కాదు. చుట్టూ ఉన్న రాతిని తీసేస్తూ పోగా చివరికి మిగిలినది. చుట్టూ ప్రదక్షిణకు చోటు వదిలారు. ఉలి ఒక్కసారి తప్పితే సరిదిద్దే వీలులేని పని.

ఆపైన మరిన్ని గుహలు, బుద్ధుడి విగ్రహాలు ఉంటాయి. కొండ కొసన మహాస్తూపం. దాని అడుగు రాతిని తొలిచిందే, మీద ఇటుకలు పేర్చారు. ఆ పక్కనే భిక్షువుల గదుల పునాదులు వరుసగా కనిపిస్తాయి. ఒక గది కొలత అడుగులు వేసి చూసుకోండి, మన నగరంలోని సింగిల్ బెడ్‌రూమ్ మీద ఫిర్యాదులు తగ్గుతాయి. గోడల మీద ఎక్కడం, విగ్రహాల ఒడిలో పిల్లలను కూర్చోబెట్టడం వద్దు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం.

6. పడమటి కొండ: లింగాలకొండ

చాలామంది దీన్ని వదిలేస్తారు. నన్నడిగితే అసలు చూడవలసింది ఇదే. కొండ వీపంతా చిన్నవి, పెద్దవి రాతి స్తూపాలు వరుసలు తీరి ఉంటాయి. దూరానికి శివలింగాల్లా కనిపించడం వల్లనే ఆ పేరు. మొక్కు తీర్చుకోవడానికి చెక్కించిన స్తూపాలివి. ఇక్కడ గుహ చీకటి ఉండదు, గాలి ఉంటుంది. ఒక గంట కూర్చోండి. చుట్టూ పొలాలు కనిపిస్తాయి, ఎక్కడో ఒకచోట గానుగ పొగ లేస్తుంటుంది. మధ్యాహ్నం దిగేటప్పుడు ఆ పొగ వైపే నడవాలి.

7. గానుగ దగ్గర

పొలం గట్టు మీద నడవవచ్చు, పైరులోకి దిగకూడదు. గానుగ దగ్గర ముందు పెద్దాయనను పలకరించి, ‘చూడవచ్చా బాబూ’ అని అడగండి. కాదనడం నేనింతవరకు చూడలేదు. చెరకు రసాన్ని వెడల్పాటి ఇనుప పెనంలో కాస్తారు, పొయ్యిలోకి చెరకు పిప్పే వేస్తారు. పైకి తేలిన మడ్డిని తీసేస్తూ, పాకం ముదిరాక దించి చల్లార్చి దిమ్మలు కడతారు. పాకం చిందితే చర్మం ఊడివస్తుంది, పిల్లలను పెనం దగ్గరకు రానివ్వకండి. ఆ పని చేసేవాళ్లను నిలబెట్టి ఫోటోలు తీయకండి, పాకం ఎవరికోసమూ ఆగదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. చెరకు మీద పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఈ ఊళ్లోనే ఉంది. కొనేటప్పుడు తెల్లగా, పసుపుపచ్చగా మెరిసే దిమ్మకు ఆశపడవద్దు. ఆ రంగుకోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతుంటారు. ముదురు గోధుమరంగు దిమ్మ అడగండి.

ఒక్క జాగ్రత్త. రెండు కొండలూ చూడటం పూర్తయ్యాకే బెల్లం కొనండి. కొన్నాక, మరిచిపోయిన ఫోటో ఏదో గుర్తుకొచ్చి సంచితో సహా మళ్లీ మెట్లెక్కారంటే, ఆ దిమ్మ విశాఖ చేరదు.