అనుమానమా, అసూయా, మాట తప్పడమా? ప్రేమలో గొడవలకు సమస్య - పరిష్కారం

ప్రేమికుల మధ్య గొడవ మూడో మనిషి పేరుతోనే మొదలవుతుంది. కాస్త తవ్వితే చాలాసార్లు కింద బయటపడేది ఒకరు మనసులో పెట్టుకుని రెండోవాళ్లకు ఎప్పుడూ చెప్పని రూలు. అందుకే ముందు లక్షణం చూడండి, తర్వాతే తప్పెవరిదో తేల్చండి.

సమస్య: రిప్లై లేటైతే టెన్షన్

"లాస్ట్ సీన్ పదకొండు చూపిస్తోంది, నాకు మాత్రం మెసేజ్ లేదు."

కారణం చాలావరకు సమాచారం లేకపోవడమే. మన విశాఖలోనే చూడండి, రుషికొండలో షిఫ్ట్ దిగి క్యాబ్‌లో గాజువాక వెళ్లే మనిషి దారిలోని ఎన్‌ఏడీ జంక్షన్ దాటకముందే నిద్రపోతాడు. ఆ ఖాళీని ఊహ నింపేస్తుంది.

పరిష్కారం: షిఫ్ట్ వేళలు ముందే చెప్పుకోండి, ఇల్లు చేరాక ఒక్క మెసేజ్ పెట్టండి. రాత్రి ప్రయాణంలో లొకేషన్ షేర్ చేయడం భద్రత కోసం. రోజంతా ఆన్‌లో ఉంచమంటే అది కాపలా.

సమస్య: "అది పద్ధతి కాదు"

ఎక్కువ జంటలు ఇరుక్కునేది ఇక్కడే. అబ్బాయి ఫ్రెండ్స్ గ్యాంగ్‌తో యారాడ బీచ్‌కి వెళ్తాడు, అందులో అమ్మాయిలూ ఉంటారు. అది సరదా. అమ్మాయి కొలీగ్‌తో సిరిపురంలో టీ తాగితే మాత్రం "నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అంటాడు. అమ్మాయిలూ ఇలా చేస్తారు: తన ఫోన్‌కి లాక్, అతని ఫోన్‌కి తనిఖీ.

కారణం: భయానికి నీతి ముసుగు వేయడం. "నువ్వు దూరమవుతావేమోనని భయంగా ఉంది" అనడానికి సిగ్గు. "నీకు పద్ధతి తెలీదు" అనడం తేలిక, పైగా పెద్దమనిషిలా ఉంటుంది.

పరీక్ష ఒకటే. అదే పని మీరు చేస్తే తప్పా? కాదనిపిస్తే అది నీతి కాదు, పెత్తనం. పెళ్లయినవాళ్ల విషయంలో చట్టమే చాలాకాలం ఇలా రెండు తూకాలు వాడింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 497వ సెక్షన్ కింద భార్యతో సంబంధం పెట్టుకున్న మగాడి మీద భర్త కేసు పెట్టగలిగేవాడు, భర్త దారి తప్పితే భార్యకు ఆ హక్కు లేదు. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మాట తప్పినా ఫర్వాలేదని మాత్రం అనలేదు. వివాహేతర సంబంధం ఇప్పటికీ విడాకులకు కారణమే.

పరిష్కారం: పాత ప్రేమికులతో మాటలు, అర్ధరాత్రి చాటింగ్, ఇన్‌స్టాలో ఫోటోలు, ఒంటరిగా కలవడం. వీటిలో ఏది ఓకే, ఏది కాదో ఇద్దరూ విడివిడిగా రాసి, తర్వాత కలిపి చూడండి. ఇద్దరూ సరేనన్నది ఒప్పందం. ఒక్కరే కోరుకున్నది కోరిక, దాన్ని అడగొచ్చు, శాసించకూడదు. గొడవ మధ్యలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ఒప్పందం అయ్యాక దాన్ని దాటి, దాచారనుకోండి. అప్పుడు వచ్చే కోపం అసూయ కాదు. "నీకు అనుమానం జబ్బు" అని నోరు మూయించేవాళ్ల మాట నమ్మకండి. అడిగింది దేని గురించో దానికే జవాబు రాబట్టండి.

సమస్య: పాత ప్రేమను తవ్వడం

కారణం పోలిక. ఇప్పటికీ టచ్‌లో ఉన్నారా అని ఒకసారి అడగండి, చాలు. ఎక్కడెక్కడ తిరిగారో తెలుసుకుంటే నిద్ర చెడటం తప్ప లాభం లేదు.

సమస్య: పాస్‌వర్డ్ ఇమ్మనడం, వెంటపడటం, చేయి చేసుకోవడం

ఇది ఇద్దరూ కూర్చుని సర్దుకునేది కాదు. ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై మగాడు నిఘా పెట్టడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. అత్యవసరమైతే 112కి, మహిళా హెల్ప్‌లైన్ కోసం 181కి ఫోన్ చేయండి.

ఏ ఆధారమూ లేకపోయినా "మోసం చేస్తోంది" అని గట్టిగా నమ్మడం, ఎంత రుజువు చూపినా మారకపోవడం వేరే సంగతి. తాగుడుతో ఇది ముదిరే అవకాశం ఉంది. దీనికి ఒట్లు పనిచేయవు, డాక్టర్ కావాలి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇలాంటి మనిషికి బ్రేకప్ చెప్పాల్సి వస్తే "చివరిసారి కలుద్దాం" అంటూ కొండమీదికో, ఖాళీ బీచ్‌కో పిలిస్తే వెళ్లకండి. ఫోన్‌లోనే చెప్పండి. కలవక తప్పదంటే సాయంత్రం ఆర్కే బీచ్‌లో జనం మధ్య కలవండి, ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లలో ఒకరికైనా తెలియాలి.