ఇంజన్ ఆయిల్ వేడి, 5వ పాఠం: గొట్టం రెండో కొస ఎక్కడుండాలి?

చిన్న విమానాల ఆయిల్ కూలర్‌కు అందే గాలి పీడనాన్ని నీటి గొట్టంతో కొలవమన్న నాలుగో పాఠం చదివి కొలతలు తీసినవారు పంపిన అంకెలు చూశాక, ఈసారి చెప్పదలచుకున్న వెర్నాథర్మ్ (వేడెక్కిన ఆయిల్‌ను కూలర్ గుండా మళ్లించే కవాటం) సంగతిని వాయిదా వేయక తప్పలేదు. వచ్చిన లెక్కలలో సగానికి పైగా ఒకే పొరపాటు ఉన్నది. దానికి మూలం నేను రాసిన వాక్యమే. "నీటి గొట్టం ఒక కొసను కౌలింగ్ పైగదిలో ఉంచి, రెండో కొసను గాలి కదలని చోట వదిలేయండి" అన్నాను. కౌలింగ్ అంటే ఇంజన్‌ను కప్పే తొడుగు; దానిలో ఇంజన్‌కు పైనున్న చోటు పైగది, కిందనున్నది కిందిగది. నా మనసులో ఉన్నది ఆ కిందిగదే. చదివినవారికి గాలి కదలని చోటంటే తాము కూర్చున్న కాబిన్ తప్ప మరొకటి తోచకపోవడంలో తప్పేమీ లేదు.

అలా కొలిచినవారందరికీ అంకె ఘనంగానే వచ్చింది. 100 నాట్ల వద్ద 120 మిల్లీమీటర్ల నీటి ఎత్తు కనిపించేసరికి, గాలికి లోటు లేదని తీర్మానించుకుని కూలర్‌ను అనుమానించారు. ఒకరైతే ఏడు వరుసల కూలర్‌ను విప్పేసి పదమూడు వరుసలది బిగించారు. బరువు పెరిగింది, ఆయిల్ వేడి మాత్రం మూడు డిగ్రీలే తగ్గింది.

కూలర్ గుండా గాలిని నడిపించేది ముందున్న పీడనం ఒక్కటే కాదు. ముందున్న పీడనానికి, వెనుకనున్న పీడనానికి మధ్య తేడా. కాలువ నిండుగా పారుతున్నా, మడిలో నీళ్లు గట్టు దాకా నిలిచి ఉంటే తూము ఎంత తెరిచినా లోపలికి పారవు. పైన చెప్పిన 120 మిల్లీమీటర్లు కాబిన్‌తో పోల్చిన అంకె. అదే విమానంలో కిందిగది పీడనం కాబిన్ కంటే 70 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉందనుకోండి. కూలర్‌కు నిజంగా దక్కేది 50 మాత్రమే. గాలి ప్రవాహం ఈ తేడాకు సుమారుగా వర్గమూలం చొప్పున మారుతుంది కనుక, 120 ఉందనుకుని లెక్కవేసిన గాలిలో మూడింట రెండు వంతులు కూడా అందడం లేదన్నమాట. పైగా కాబిన్ పీడనం స్థిరమైనది కాదు. తలుపు సందులను బట్టి, వెంటిలేటర్ తెరిచారా మూశారా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఒకే విమానంలో వెంటిలేటర్ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలిచి, రెండు వేర్వేరు అంకెలు ఎందుకు వచ్చాయని అడిగినవారికి ఇదే జవాబు. కాబిన్‌లో కొస వదిలిన కొలతలన్నిటినీ దయచేసి కొట్టివేయండి. వాటిని సవరించే సూత్రం ఏదీ లేదు.

రెండు గొట్టాలూ ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాబిన్‌కూ మధ్యనున్న మంట అడ్డుగోడ) దాటి కాబిన్‌లోకి రావాలి. ఒకటి పైగది నుండి, మరొకటి కిందిగది నుండి. కిందిగదిలో ఎగ్జాస్ట్ పైపులుంటాయి కనుక, గొట్టం దాటే రంధ్రాన్ని మంటకు ఆగే సీలెంటుతో మూయకుండా ఎగరవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా దగ్గర ఉంచుకోండి. గొట్టం కొసను కోసి అలాగే వదిలితే, ఆ కోత గాలికి ఎదురుగా తిరిగిందా అడ్డంగా తిరిగిందా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కొసను మూసి, దానికి కొంచెం ఇవతల పక్కలకు నాలుగైదు సన్నని రంధ్రాలు పొడవండి. ఎగ్జాస్ట్ దగ్గర ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది కాబట్టి అక్కడ అల్యూమినియం గొట్టమే వాడాలి.

ఆ రెండు గొట్టాలూ చేరే, నీరు పోసిన యు ఆకారపు గొట్టంలో చదవవలసినది రెండు నీటి మట్టాల మధ్య మొత్తం తేడా. ఒక కాలులో నీరు ఎంత లేచిందో మాత్రమే చదివినవారి అంకె సగమే వస్తుంది. రెండు కాళ్లను ముందు వెనుకలుగా కాకుండా ఎడమ కుడులుగా అమర్చండి. కాళ్ల మధ్య 50 మిల్లీమీటర్లుంటే, పది డిగ్రీల ముక్కెత్తుకే దాదాపు 9 మిల్లీమీటర్ల దొంగ తేడా వచ్చి చేరుతుంది. పైలట్ నీటి మట్టం చూస్తూ కూర్చోకూడదు. దాని ఎదురుగా కెమెరా బిగించి, దిగాక చదువుకోండి.

నిజం చెప్పాలంటే నేను నీటి గొట్టం వాడి చాలాకాలమైంది. పాత వేగసూచిక ఒకటి నా పనిముట్ల పెట్టెలో ఉంటుంది. దాని పిటో (ఎదురుగాలి పీడనం అందుకునే) మూతికి పైగదిని, స్టాటిక్ (చుట్టూ ఉన్న గాలి పీడనం అందుకునే) మూతికి కిందిగదిని కలిపి, తేడాను నాట్లలో చదువుతాను. 70 నాట్లంటే సుమారు 81 మిల్లీమీటర్లు, 100 అంటే 165, 120 అంటే 238. విమానం సూచిక 100 చూపుతుండగా నా పాత సూచిక 70 చూపితే, ఎదురుగాలి ఇచ్చే పీడనంలో సగం మాత్రమే ఇంజన్ మీదుగా పనిచేస్తోందని లెక్క కట్టకుండానే తెలుస్తుంది. సూచిక వేగంతో పోలిక కనుక ఎత్తు మారినా ఇది చెల్లుతుంది. నీరు ఒలికే బెడదా లేదు.

అంకెలు సరిగా వచ్చాక వాటిని చదవడం కష్టం కాదు. ఇక్కడ పోలిక కోసం విమానపు స్టాటిక్ లైనును వాడుకోవచ్చు. కాబిన్‌ను మాత్రం కాదు. స్టాటిక్‌తో పోల్చినప్పుడు పైగది పీడనమే తక్కువగా ఉంటే బాఫిల్ (పైగదినీ కిందిగదినీ వేరుచేసే రేకు) సందులలో గాలి కారిపోతోంది. రాత్రిపూట కిందిగదిలో దీపం పెట్టి పైనుండి చూస్తే వెలుతురు వచ్చే ప్రతి సందూ కనిపిస్తుంది. పైగదికీ కిందిగదికీ తేడా బాగానే ఉండి, కూలర్ ముందు వెనుకల మధ్య తేడా లేకపోతే లోపం కూలర్‌కు గాలి తెచ్చే గొట్టంలో ఉన్నది. 3 అంగుళాల గొట్టాన్ని 4 అంగుళాలది చేస్తే వైశాల్యం 78 శాతం పెరుగుతుంది. అయితే ఆ గొట్టం కూలర్ ముఖానికి చదునైన పలకతో అతికి ఉంటే గాలి నడిమి భాగం గుండానే పోతుంది, మూలలు ఊరికే ఉంటాయి; క్రమంగా వెడల్పయ్యే పెట్టె అవసరం. కూలర్‌ను వెనుక బాఫిల్‌కు కాక ఫైర్‌వాల్‌కు బిగించడం నాకు ఇష్టం, ఎందుకంటే ఇంజన్‌తో పాటు అదిరే బాఫిల్ రేకు త్వరగా పగులుతుంది. ఇందులో నాతో విభేదించేవారు చాలామందే ఉన్నారు.

కిందిగది పీడనమే ఎక్కువగా ఉంటే, ముందు ద్వారాలను పెద్దవి చేయాలన్న కోరికను అణచుకోండి. అలా చేస్తే కిందిగది మరింత నిండుతుంది తప్ప ఖాళీ కాదు. బయటికి పోయే దారిని చూడండి: ఫైర్‌వాల్ కింది అంచు చాకులా ఉంటే గాలి అక్కడ విడిపోయి సుడులు తిరుగుతుంది, దానికి గుండ్రని రేకు తొడగండి. నా సొంత విమానంలో కౌలింగ్ కింది అంచుకు కిందికి వంచిన 40 మిల్లీమీటర్ల రేకును నాలుగు స్క్రూలతో బిగించి ఎగిరాను. పైకెక్కేటప్పుడు 110 డిగ్రీల దగ్గర నిలిచే సూది 102 దగ్గర ఆగింది. లైకామింగ్ ఓ-320 ఇంజన్‌కు ఎర్రగీత, అంటే దాటకూడని హద్దు, 118 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక ఆ ఎనిమిది డిగ్రీలు నాకు చిన్నవి కావు. క్రూయిజ్ (సమతల ప్రయాణ) వేగం కొంచెం తగ్గిందన్నదీ నిజమే.

ఈసారి అభ్యాసం శ్రమతో కూడినది. పైగదికీ కిందిగదికీ మధ్య, కిందిగదికీ స్టాటిక్‌కూ మధ్య, కూలర్ ముందుకూ వెనుకకూ మధ్య, ఈ మూడు తేడాలను ఆరోహణ వేగంలోను, క్రూయిజ్‌లోను, వాటి నడిమి వేగంలోను కొలవండి. ఒక్కో కొలతకు ముందు ఆయిల్ వేడి కదలకుండా నిలిచే వరకు, కనీసం ఐదు నిమిషాలు, అదే వేగంలో ఎగరండి. బయటి గాలి ఉష్ణోగ్రతనూ పక్కనే రాయండి. ఈ తొమ్మిది అంకెలనూ వేరొక రోజు మళ్లీ తీసి, రెండు పట్టికలు పది శాతంలోపు కలిస్తేనే రేకు మీద కత్తెర పెట్టండి. అన్ని తేడాలూ బాగుండి కూడా ఆయిల్ వేడెక్కుతుంటే లోపం గాలి వైపు లేదు. అటువంటివారు ఆరో పాఠానికి ముందే వెర్నాథర్మ్‌ను విప్పి, థర్మామీటరుతో పాటు నీళ్ల గిన్నెలో వేలాడదీసి వేడి చేయండి. 85 డిగ్రీల ప్రాంతంలో దాని కాడ సాగుతున్నదో లేదో, దాని ముఖం మీద అరుగుదల గీత చుట్టూ సమంగా ఉన్నదో లేదో చూసి రాసి ఉంచండి.