శంషాబాద్ నుంచి అబుదాబి మీదుగా షికాగోకు: సెక్యూరిటీ తనిఖీకి సామాను సర్దుకోవడం ఎలా?

పిల్లలను చూడడానికి అమెరికా బయలుదేరే తల్లిదండ్రులు చాలామంది, శంషాబాద్‌లో తనిఖీ గట్టెక్కితే చాలునన్న లెక్కతో చేతిసంచి సర్దుకుంటారు. దారిలో ఎదురయ్యే తనిఖీలలో అన్నిటికంటే కఠినమైనది ఏదో ముందే తెలుసుకొని, దానికి తగ్గట్టు సర్దుకోవడమే సరైన పద్ధతి.

శంషాబాద్‌లో గుమ్మం దగ్గరే సీఐఎస్‌ఎఫ్ జవాను టికెట్టు, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపుతాడు. తనిఖీ దగ్గర మగవారికి, ఆడవారికి వేర్వేరు వరుసలు ఉంటాయి. ఆడవారిని తెర చాటున మహిళా సిబ్బందే పరీక్షిస్తారు. పెద్దవాళ్లకు ఈ తెర ఎంత ఊరటో పరదేశం వెళ్లాక గాని తెలియదు. ల్యాప్‌టాప్, ఫోను, పవర్ బ్యాంకు తీసి విడిగా ట్రేలో పెట్టాలి. పవర్ బ్యాంకును చెకిన్ పెట్టెలో వేయకూడదు, క్యాబిన్ సంచిలోనే ఉంచుకోవాలి.

అబుదాబిలో సంగతి వేరు. 2014 నుంచి అమెరికా వెళ్లేవారికి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తవుతున్నాయి. దానితోపాటు అమెరికా ప్రమాణాల ప్రకారం మళ్లీ తనిఖీ ఉంటుంది. అందువల్ల అక్కడ చేతిలో సమయం ఉండేలా టికెట్టు తీసుకోవాలి. అక్కడ ఆలస్యమైనా షికాగోలో దిగాక దేశీయ ప్రయాణికులలాగే పెట్టెలు తీసుకొని బయటికి రావచ్చు. దుబాయ్, దోహాల మీదుగా వెళితే ఈ సౌకర్యం లేదు: అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ముగించి, పెట్టెలు తీసుకొని, పై విమానం ఉంటే వాటిని తిరిగి అప్పగించి, మరోసారి తనిఖీ వరుసలో నిలబడాలి.

మనవారికి అసలు చిక్కు తిండి సరుకులతోనే. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలను కూల్చే కుట్ర బయటపడ్డాక వచ్చిన 100 మిల్లీలీటర్ల నిబంధన నీళ్లకే కాదు, నెయ్యికి, ఆవకాయకు కూడా వర్తిస్తుంది. సీసాలో సగమే ఉందన్న వాదన చెల్లదు, వాళ్లు చూసేది సీసా కొలత. పేరెందుకు గాని, ఒక విమానాశ్రయంలో మా అమ్మ చేతిసంచిలోంచి తీసిన మాగాయ సీసాను అధికారి వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ వంచి, అడుగున పేరుకున్న నూనె కదలడం చూసి, మారు మాట లేకుండా చెత్తబుట్టలో వేశాడు. ఊరగాయలు మూత చుట్టూ టేపు వేసి పెద్దపెట్టెలోకి వెళ్లాలి.

పొడుల విషయం చాలామందికి తెలియదు. 2018 జూన్ 30 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు, అంతకు మించిన పొడి చేతిసంచిలో ఉంటే అదనంగా పరీక్షిస్తారు. అదేమిటో తేలకపోతే క్యాబిన్‌లోకి రానివ్వరు. 350 మిల్లీలీటర్లంటే అమెరికాలో అమ్మే కూల్‌డ్రింకు డబ్బా అంత. కాబట్టి కందిపొడి, కారప్పొడి కూడా పెద్దపెట్టెలోనే పెట్టుకోవడం మంచిది. ఎండుకొబ్బరి మాత్రం దానిలోనూ వద్దు. నూనె ఎక్కువగా ఉండి అంటుకునే సరుకు కనుక విమానయాన సంస్థలు చాలావరకు ఒప్పుకోవు.

అమెరికాలో చెప్పులు, బూట్లు విప్పించే నియమాన్ని 2025 జులైలో ఎత్తేశారు. స్కానర్‌లో పాదాల గుర్తులమీద నిలబడి చేతులు పైకెత్తాలి. చీర కుచ్చెళ్ల దగ్గర అనుమానం వస్తే చేత్తో తడిమి చూస్తారు. అందరి ముందూ ఇబ్బందిగా ఉంటే "ప్రైవేట్ స్క్రీనింగ్" అని అడగవచ్చు, మహిళా అధికారే వస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారికి మినహాయింపు లేదు, అరచేతులను చిన్న గుడ్డముక్కతో తుడిచి యంత్రంలో పెట్టి చూస్తే కంగారు పడనక్కరలేదు.

తిరుగు ప్రయాణం సింగపూర్ మీదుగా అయితే ఒక్క తేడా గుర్తుంచుకోవాలి: చాంగీలో 1, 2, 3 టెర్మినళ్లలో తనిఖీ విమానం ఎక్కే గేటు దగ్గరే ఉంటుంది కనుక, లోపల కొన్న నీళ్లసీసా అయినా గేటు చేరేసరికి ఖాళీ చేయాలి.