ప్రూఫు ఇద్దరు కలిసి చూడండి

సొంత పుస్తకానికి ప్రూఫు (అచ్చుకి ముందు తప్పులు దిద్దడానికి తీసే నమూనా) మనమే చూసుకుంటే తప్పులు కంటబడవు. అచ్చులో ఉన్నది కాకుండా మనం రాయాలనుకున్నదే కనబడుతుంది. అందుకే తిరుపతిలో నేనూ, కథలు రాసే ఒక మిత్రురాలూ ఒకరి ప్రూఫుకి ఒకరం కూర్చుంటాం. రాసినవాళ్లు తమ ప్రతిని పైకి చదవాలి, రెండోవాళ్లు పెన్సిల్ పట్టుకుని ప్రూఫు మీద పదం పదం చూస్తూ రావాలి. మనం ఫోన్లో, కంప్యూటర్లో టైపు చేసే యూనికోడ్ నుంచి అచ్చు పనికి వాడే అనూ ఫాంట్లకి మార్చినప్పుడు ఎగిరిపోయే వత్తులు ఇలాగే దొరుకుతాయి.

మన యాస మాటల దగ్గర మరీ జాగ్రత్త. నా కథలో అవ్వ మనవడిని “బిన్నా రా” అంటుంది, అంటే తొందరగా రా అని. ప్రూఫులో అది “చిన్నా రా” అయి కూర్చుంది! ముద్దుగా పిలిచినట్టుంది కానీ, అవ్వ తొందర అంతా పోయింది. నా మిత్రురాలు చిత్తూరు మనిషి కాబట్టి టక్కున పట్టుకుంది.

పత్రికకి పంపే కథైతే హామీపత్రం (ఈ కథ నా సొంతమే, ఇంకెక్కడా అచ్చు కాలేదు అని రాసిచ్చేది) జత చేశారా అని ఒకరినొకరు అడగండి. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) కావాలంటే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దరఖాస్తు కూడా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నింపుకోండి, టెన్షన్ ఉండదు.