పొగ మానడం, 5వ పాఠం: జారిన మర్నాడు

నాలుగో పాఠం చివర "పదో రోజు ఎలా గడిచిందో రాయండి" అని అడిగాను. రాశారు. అవన్నీ చదివాక ఈ వారానికి సిద్ధం చేసుకున్న పాఠాన్ని పక్కన పెట్టాను. బరువు గురించీ, మలబద్ధకం గురించీ చెప్పవలసినది వచ్చే పాఠంలో చెబుతాను. రాసినవారిలో సగానికి పైగా నాలుగో రోజుకూ పదో రోజుకూ మధ్య ఎక్కడో ఒకటి వెలిగించారు. వెలిగించినవారిలో చాలామంది ఆ ఒక్కదానితో ఆగలేదు. "మాస్టారూ, మళ్లీ మొదటికొచ్చాను. ఉగాది నుంచి గట్టిగా మొదలుపెడతాను" అని ముగించారు. ఉగాదికి ఇంకా ఏడు వారాలుంది. ఆ ఏడు వారాల గురించే ఈ పాఠం.

దానికి ముందు నా పొరపాటు ఒకటి సరిదిద్దుకోవాలి. కోరిక పుట్టినప్పుడు చేతిలో ఏదైనా ఉండాలనీ, టీ గానీ కాఫీ గానీ పట్టుకోమనీ చెప్పాను. కొందరు రోజుకు మూడు కప్పుల నుంచి ఆరుకు వెళ్లారు. నిద్ర పట్టలేదు, చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. అదంతా నికోటిన్ లేకపోవడం వల్లనేనని భయపడ్డారు. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కాఫీ, టీలలో ఉండే కెఫీన్‌ను మామూలు కంటే వేగంగా విరిచేస్తుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం తగ్గిపోతుంది. అప్పుడు ఎప్పటిలా మూడు కప్పులే తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెండింతలు నిలుస్తుంది. ఆరు తాగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి మానిన రోజు నుంచి కాఫీ, టీలు సగానికి తగ్గించండి, సాయంత్రం నాలుగు దాటాక అసలే వద్దు. చేతిలో మజ్జిగ గ్లాసు ఉన్నా సరిపోతుంది. ఇది నాలుగో పాఠంలోనే చెప్పి ఉండాలి. చెప్పకపోవడం వల్ల కొన్ని రాత్రులు మీకు నిద్ర లేకుండా పోయింది. క్షమించండి.

ఇక జారిన చోటికి వద్దాం. ఇంట్లో అగ్గిపెట్టెలు, లైటర్లు, చొక్కా జేబులు ఖాళీ చేయడం గురించి మళ్లీ చెప్పను, అది అందరూ చేశారు.

విజయవాడ నుంచి ఒక బస్సు డ్రైవరు రాశారు. రోజుకు 12 తాగే మనిషి. ఎనిమిది రోజులు ఒక్కటీ ముట్టలేదు. తొమ్మిదో రోజు రాత్రి డ్యూటీ దిగి డిపో బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. పక్కనున్న కండక్టరు ఎప్పటిలాగే ప్యాకెట్ ముందుకు చాచాడు. "నా చేయి దానంతటదే వెళ్లింది మాస్టారూ, సగం కాలాక గానీ నేను మానేశానన్న సంగతి గుర్తు రాలేదు" అన్నారు. ఈ మాటను నేను పూర్తిగా నమ్ముతాను. నికోటిన్ రెండు గంటలకోసారి రక్తంలో సగానికి పడిపోతూ ఉంటుంది. రెండు మూడు రోజులు గడిస్తే ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు. చిరాకు, తలనొప్పి, ఏకాగ్రత కుదరకపోవడం కూడా ఆ రెండో, మూడో రోజే బాగా ముదిరి, తరువాత రెండు నుంచి నాలుగు వారాల్లో సన్నగిల్లుతాయి. తొమ్మిదో రోజు రాత్రి ఆయన చేతిని కదిలించింది ఆ టీ కొట్టు. ఆ వేళ, ఆ దీపం, ఆ గ్లాసు, ఆ మనిషి. అన్నేళ్లుగా అవన్నీ ఒకేచోట కలిసినప్పుడల్లా చేతికి సిగరెట్టు అందింది. ఇల్లు శుభ్రం చేసుకున్నాం, టీ కొట్టును వదిలేశాం.

ఆయనను ఆ క్షణం నుంచి వెనక్కి నడవమన్నాను. మధ్యాహ్నం రెండు తరువాత ఏమీ తినలేదు. చిల్లర దగ్గర ఒక ప్రయాణికుడితో మాటామాటా పెరిగింది. మూడోది, అన్నిటికంటే పెద్దది, తాను మానేసిన సంగతి ఆ కండక్టరుకు తెలియదు. ఎవరికీ చెప్పలేదట. "మళ్లీ తాగితే నవ్వుతారని" అన్నారు. ప్రయాణికుడి నోరు మన చేతిలో లేదు. అరటిపండు మన చేతిలో ఉంది, కండక్టరుకు ఒక మాట చెప్పడమూ మన చేతిలోనే ఉంది.

కువైట్‌లో పనిచేసే కడప అబ్బాయి ఇంటికి ఫోను చేసి పెట్టేశాక వెలిగించాడు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసే ఒక అమ్మాయి పనిలో విరామం దొరికినప్పుడు మెట్ల మీదికి వెళ్లింది. ఆ పది నిమిషాలు ఇంకెలా గడపాలో తనకు తెలియదని రాసింది. నిజామాబాద్ పెద్దాయన ఒకరు సిగరెట్టు పూర్తిగా మానేసి, భోజనం కాగానే ఒక బీడీ మాత్రం కాలుస్తున్నారట, "ఆకే కదా" అని. అయ్యా, అది తునికాకే కానీ లోపల ఉన్నది పొగాకే. పైగా ఆ ఆకు చుట్టిన బీడీ ఆరిపోకుండా ఉండాలంటే సిగరెట్టు కంటే ఎక్కువసార్లు దమ్ము లాగాలి. తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ ఏవీ దానిలో తక్కువ కావు. బీడీ కాల్చడమంటే మానడం కాదు. ఖైనీకి, గుట్కాకు మారినవారికీ ఇదే జవాబు.

ఇప్పుడు అసలు ఉచ్చు. దీనికి నేను ముహూర్తం అని పేరు పెట్టుకున్నాను. ఇది నాకు కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే ఇది పట్టుదలలా కనిపిస్తుంది.

ఒకటి తాగారు. తప్పు చేశామన్న బాధ పుట్టింది. ఆ బాధకు మందుగా మనసు ఒక తేదీని ఇస్తుంది: ఉగాది, పుట్టినరోజు, వచ్చే సోమవారం, అమ్మాయి పెళ్లయ్యాక, పరీక్షలయ్యాక, ఈ ప్యాకెట్ అయ్యాక. తేదీ పెట్టుకోగానే బాధ తగ్గుతుంది. నిర్ణయం తీసుకున్నట్టే ఉంటుంది. నిజంగా జరిగింది మాత్రం ఆ తేదీ వరకూ తాగడానికి అనుమతి పుచ్చుకోవడం. డ్రైవరు గారి లెక్కే వేద్దాం. ఆ రాత్రి ఆయన తాగినది 1. ఉగాది వరకూ 49 రోజులు, రోజుకు 12 చొప్పున 588. జారడం వల్ల పోయింది 1, ముహూర్తం వల్ల పోయేది 588. ఒక్కో సిగరెట్టుకు పది దమ్ములనుకున్నా, ఏ దమ్ముకు ఆ దమ్ము 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు నికోటిన్ చేర్చి, ఆ టీ కొట్టుకూ ఆ చేతికీ మధ్య ముడిని మరోసారి బిగిస్తుంది. ఉగాది నాడు మీరు మొదలుపెట్టేది ఇవాళ్టి కంటే గట్టి ముడితో.

నాకు ఈ సంగతి అయ్యప్ప మాల నేర్పింది. మూడుసార్లు వేసుకున్నాను. మూడుసార్లూ 41 రోజులు ఒక్క దమ్ము లాగలేదు. మనం నాలుగు పాఠాలుగా పడుతున్న పాట్లన్నీ అప్పుడు ఏ పాఠమూ లేకుండానే దాటేశాను. ఎలా దాటానో తరువాత చాలా ఏళ్లు ఆలోచించాను. భక్తి ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. దానితోపాటు ఇంకా కొన్ని ఉన్నాయి. నల్ల బట్టలు చూసి ఊరంతా నన్ను స్వామీ అని పిలిచింది, ప్యాకెట్ చాచినవాడు ఒక్కడు లేడు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, దాంతో నా మొదటి సిగరెట్టు వేళ మాయమైంది. అన్నిటికంటే ముఖ్యంగా, "ఇవాళ ఒకటి తాగితే ఏమవుతుంది" అన్న ప్రశ్న ఆ 41 రోజుల్లో ఒక్కసారి కూడా పుట్టలేదు. బేరమే లేదు.

మరి ఎందుకు తిరిగి తాగాను? కొండ దిగి ఇంటికొచ్చి, మాల తీసిన సాయంత్రమే వీధి చివరి కిళ్లీ కొట్టుకు నడిచాను. ఒంట్లో నికోటిన్ పోయి నెల దాటింది. ఒళ్లు అడగలేదు. మానడానికి ఎలా ఒక తేదీ ఉందో, మొదలుపెట్టడానికీ అలాగే ఒక తేదీ ఉంది. ఆ రెండో తేదీ నన్ను తీసుకెళ్లింది.

"రెండో పాఠంలో తేదీ పెట్టుకోమన్నది మీరే కదా" అని కొందరు అడిగారు. నిజమే. ఆ తేదీ సన్నాహం కోసం: ఇల్లు సర్దుకోవడానికి, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి, అవసరమైతే డాక్టరును కలవడానికి. అందుకే 14 రోజులు దాటకూడదన్నాను. ఆ సన్నాహమంతా మీరు చేసేశారు. జారినంత మాత్రాన అది చెరిగిపోదు. రెండోసారి తేదీ అక్కర లేదు. ఇప్పుడు తాగినదాని తరువాతి దాన్ని వెలిగించకపోతే మీరు మానినవారే.

ఇంకొందరు ముహూర్తం పెట్టకుండా "రోజుకు రెండుకు తగ్గించాను, ఇక్కడే ఉంటాను" అన్నారు. తక్కువ తాగేటప్పుడు ఒక్కోదాన్ని మరింత లోతుగా, చివరి దాకా పీలుస్తాం. రోజుకు ఒక్కటే తాగేవారికి గుండెజబ్బు విషయంలో ఉండే అదనపు ముప్పు, 20 తాగేవారి అదనపు ముప్పులో ఇరవయ్యో వంతు కాదు, దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష చూపింది. రెండు దగ్గర ఆగకండి.

జారిన వెంటనే ఏం చేయాలి? నేను చేసినది చెబుతాను. మిగిలిన సగం కుళాయి కింద తడిపేయాలి. నలిపి పారేస్తే చాలదు, తడపాలి. నోరు పుక్కిలించి ఒక లవంగం బుగ్గన పెట్టుకోవాలి. గంటలోపు ఒక మనిషికి ఈ వాక్యం చెప్పాలి: "ఒకటి తాగాను, మానే ఉన్నాను." సంజాయిషీ వద్దు. లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టమనేవారు ఉన్నారు, వారితో నేను ఏకీభవించను. పదిరోజుల్లో తొమ్మిది రోజులు పొగ లేకుండా గడిపితే క్యాలెండరులో తొమ్మిది గీతలూ అలాగే ఉండాలి. జరిగినదాన్ని జరగలేదనడం అబద్ధం.

నికోటిన్ గమ్ వాడుతున్నవారు జారామని దాన్ని ఆపేయకండి, కొనసాగించండి. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి మింగుతున్నామని ముగ్గురు రాశారు, అందుకే ఎక్కిళ్లు, కడుపులో మంట. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. వేసుకునే ముందు పావుగంటా, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, పళ్లరసం వద్దు, మందు నోటిలో ఇంకదు. నాకైతే లవంగమే ఇష్టం. కానీ నిద్రలేచిన అరగంటలోపే వెలిగించే అలవాటున్నవారికి లవంగం చాలదు, డాక్టరును కలిసి మందుల గురించి అడగండి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు గమ్‌కు కూడా ముందు డాక్టరును అడగాలి. మాట్లాడే మనిషి కావాలంటే సిగరెట్టు ప్యాకెట్ మీదే ముద్రించి ఉన్న 1800-11-2356కు ఫోను చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఒక ఉత్తరం మాత్రం నన్ను రెండు రోజులు వదల్లేదు. "జారలేదు మాస్టారూ. కోరిక కూడా పెద్దగా లేదు. కానీ మొదటివారం ఉన్న ఊపు ఇప్పుడు లేదు. ఎందుకు చేస్తున్నానో మరిచిపోతున్నాను." మొదటివారం యుద్ధంలా ఉంటుంది, ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. మూడోవారానికి ఎవరూ ఏమీ అనరు. అది ఎప్పటికీ అలా ఉండదు కానీ, ఆ ఖాళీలో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. "ఆరోగ్యం కోసం" అన్న మాట ఆ వేళ పనికిరాదు, అది మరీ పెద్దది. ఏడాది గడిస్తే గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడుతుందన్నది నిజమే, ఏడాది మాత్రం దూరంగా ఉంది. రోజూ కొలవగలిగినది కావాలి.

నేను తెలుగు చెప్పేవాణ్ని. సీసపద్యం రాగం తీసి చదివేటప్పుడు పాదం మధ్యలో ఊపిరి తెగి దగ్గు వచ్చేది. పిల్లలు నా కోసం ఆగి ఎదురుచూసేవారు. ఆ నిశ్శబ్దం నాకు ఏ ఎక్స్‌రే కంటే ఎక్కువ చెప్పింది. మానాక రోజూ ఉదయం ఒక సీసం చదివి, ఎక్కడ ఊపిరి తీసుకున్నానో పెన్సిలుతో గీత పెట్టేవాణ్ని. వారాలు గడిచేకొద్దీ గీత కుడివైపుకు జరుగుతూ వచ్చింది. నన్ను నిలబెట్టింది ఆ గీత. మీకు అది మూడో అంతస్తు మెట్లు కావచ్చు, తిరగమోత వాసన వీధి గుమ్మం దగ్గరే తెలియడం కావచ్చు. కడప అబ్బాయి శుక్రవారం బంతి ఆటలో ఎన్ని నిమిషాలు ఆగకుండా పరుగెత్తాడో రాసుకుంటున్నాడు. మంచి కొలత.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను.

జారినవారు ఇవాళ రాత్రి ఒక కాగితం తీసుకుని, మొదటి దమ్ము లాగిన క్షణం నుంచి పది నిమిషాలకొక వరుస చొప్పున వెనక్కి రాయండి. రెండు గంటలు, పన్నెండు వరుసలు. ఎక్కడున్నారు, ఎవరున్నారు, ఏం తిన్నారు, చేతిలో ఏముంది. "ఎందుకు" అన్న మాట ఒక్క వరుసలోనూ రాయకండి. జారనివారు త్రుటిలో తప్పించుకున్న ఒక సందర్భానికి ఇదే చేయండి.

రేపు పగటిపూట, టీ వేళ కాక ముందే, మీకు సిగరెట్టు ఇచ్చే ఐదుగురిని విడివిడిగా కలిసి లేదా ఫోనులో ఇలా చెప్పండి: "అన్నా, మానేశాను. నేను అడిగినా ఇవ్వకు." నవ్వేవారు నవ్వుతారు, మరుసటి మనిషికి ఫోను చేయండి. ఐదుగురూ పూర్తయ్యాకే ఆ టీ కొట్టుకు వెళ్లండి, ఏదైనా తిని వెళ్లండి, గ్లాసు సిగరెట్టు పట్టుకునే చేత్తోనే పట్టుకోండి. కోరిక వస్తే కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, గడియారం చూడండి. మానేసి ఇంకా వారం కానివారు మాత్రం ఈ చివరి మెట్టు ఎక్కవద్దు.

పన్నెండు వరుసల కాగితం నాకు పంపండి. ఉగాది అని రాసినవారు పైన తేదీ దగ్గర ఇవాళ్టి తేదీ వేయండి.