ప్రార్థన దగ్గరే మొదలుపెట్టండి: హైస్కూలు పిల్లలకు సభలో మాట్లాడటం నేర్పే పద్ధతి

ఆగస్టు 15కి రెండు రోజుల ముందు చురుకైన పిల్లల్ని ఇద్దర్ని పిలిచి, పేజీన్నర రాసిచ్చి బట్టీ పట్టమనడం చాలా హైస్కూళ్లలో అలవాటు. వాళ్లిద్దరూ ఎలాగో అప్పజెప్పేస్తారు. మిగతా బడంతా చప్పట్లు కొడుతుంది. ఒక్కసారీ మైకు పట్టకుండానే పదో తరగతి దాటేవాళ్లు ఎందరో. ఇది మారడానికి ప్రత్యేకంగా పీరియడ్ అక్కర్లేదు. పక్క ఊళ్ల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చే పిల్లలు సాయంత్రం ఎలాగూ ఆగలేరు. పొద్దున ప్రార్థన, మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలే పావుగంట చాలు.

ప్రార్థనలో రోజుకు నలుగురికి పని ఇవ్వండి. ఒకరు ప్రతిజ్ఞ చెప్పించాలి, ఒకరు వార్తలు, ఒకరు మంచిమాట చెప్పాలి, ఇంకొకరు ఒక ప్రశ్న అడగాలి. వారానికి 6 రోజులంటే 24 మంది. 40 మంది ఉన్న తరగతిలో రెండు వారాల్లోపే అందరి వంతూ వచ్చేస్తుంది. హాజరుపట్టీ వరుసలోనే పిలవండి. ‘ఎవరు చెబుతారు?’ అని అడిగితే రోజూ అవే చేతులు లేస్తాయి.

బాగా బెరుకున్న పిల్లకు మొదట ప్రతిజ్ఞ ఇవ్వండి. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు రాసిన ఆ మాటలు అందరికీ నోటికి వచ్చినవే. పైగా ఒక్కో ముక్క తర్వాత బడంతా తిరిగి పలుకుతుంది కాబట్టి ఆ వ్యవధిలో ఊపిరి తీసుకోవడం దానంతటదే అలవాటవుతుంది. వార్తలు మూడు చాలు. ఒక్కోటి రెండు వాక్యాల్లో, పేపరు చూడకుండా సొంత మాటల్లో చెప్పాలి.

ఉపన్యాసానికి వచ్చేసరికి పూర్తి పాఠం రాసివ్వకండి. బట్టీ పట్టిన పిల్లవాడికి మాటలు దండలా గుచ్చుకుని ఉంటాయి. ఒక్క మాట జారిపోతే తర్వాతివన్నీ జారిపోతాయి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది. దానికి బదులు పోస్టుకార్డంత అట్టముక్క మీద మూడు గుర్తులు రాయించండి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గురించి మాట్లాడాలనుకోండి. అట్ట మీద ‘పర్లాకిమిడి’, ‘సవరలు’, ‘వాడుక భాష’ అని ఉంటే చాలు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నారు, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని పోరాడారు. ఈ మూడింటి మధ్య వాక్యాలు పిల్లవాడివే కావాలి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి వచ్చి ఉండాలి.

పిల్లలు సాధారణంగా నిమిషానికి 80 నుంచి 100 మాటలు పలుకుతారు. 3 నిమిషాల పోటీకి 250 మాటలకు మించిన విషయం పెడితే పరుగెత్తాల్సిందే. ‘వేదికను అలంకరించిన పెద్దలకు...’ అంటూ ఒక్కొక్కరినీ తలచుకుంటూ పోతే అర నిమిషం అక్కడే కరిగిపోతుంది. ‘సభకు నమస్కారం’ అని నేరుగా విషయంలోకి రమ్మనండి.

అన్నిటికన్నా ఎక్కువ సాధన కావాల్సింది వాక్యం చివర. తెలుగులో అసలు సంగతి క్రియలో ఉంటుంది, క్రియేమో చివర వస్తుంది. పిల్లలకు సరిగ్గా అక్కడే ఊపిరి అయిపోయి గొంతు దిగిపోతుంది. ‘బాల్యవివాహాలు చేయడం మంచిది కాదు’ అన్నప్పుడు ఆ ‘కాదు’ వెనక వరుసకు వినపడకపోతే అర్థం తలకిందులవుతుంది. ఒకరిని గది చివర నిలబెట్టి, చివరి మాట వినబడినప్పుడల్లా చెయ్యెత్తమనండి. మాట్లాడే పిల్లకు తన గొంతు ఎక్కడ తగ్గుతోందో కళ్లెదుటే తెలుస్తుంది. ఈ ఒక్క పనికే వారం కేటాయించినా ఎక్కువేం కాదు.

ఉచ్చారణలో ‘పాఠశాల’ను ‘పాటసాల’ అనడం, ‘విద్యార్థి’ని ‘విద్యార్ది’ అనడం లాంటివి సరిదిద్దండి. యాసను మాత్రం ముట్టుకోకండి. శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళం పలుకుబడితో, నల్లగొండ పిల్లవాడు నల్లగొండ పలుకుబడితో మాట్లాడటమే సహజం. ఇంట్లో మాట్లాడే మాట తప్పని చెబితే వాళ్లు నోరు తెరవడమే మానేస్తారు.

భోజనం తర్వాత పావుగంటలో చీటీలాట ఆడించండి. ‘మా ఊరి సంత’, ‘కిక్కిరిసిన బస్సు’, ‘ఈ రోజు భోజనం’ లాంటి విషయాలు చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి. చీటీ తీశాక ఒక నిమిషం ఆలోచన, ఒక నిమిషం మాట. ఏడెనిమిది మందికి సరిపోతుంది సమయం.

మైకును ఉత్సవం రోజు పొద్దునే మొదటిసారి చూపిస్తే బొంగురుగా వచ్చే తన గొంతు విని పిల్లవాడే బెదురుతాడు. ముందురోజే పట్టించండి. గడ్డం ఎత్తులో, నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. మైకు తలను గుప్పిట్లో మూయకూడదు. సౌండు బాక్సుల ముందుకు వెళ్లినా, మైకును వాటివైపు తిప్పినా కీచుమంటుంది కాబట్టి బాక్సులు ఎప్పుడూ మాట్లాడేవారికి ముందు, జనంవైపు తిరిగి ఉండాలి. ఆరో తరగతి పిల్లకు స్టాండు దించి పెట్టడం ఎవరి పనో ముందే చెప్పి ఉంచండి.

మధ్యలో మరిచిపోతే ఏం చేయాలో కూడా సాధన చేయించాలి. ఆగడం, ఒక ఊపిరి, అట్ట వంక చూడటం, తర్వాతి గుర్తు అందుకోవడం. ‘క్షమించండి’ అనక్కర్లేదు. మాట్లాడుతుండగా మీరు అందించకండి, నవ్విన పిల్లల్ని అప్పటికప్పుడే ఆపండి. దిగాక ఒక మెప్పు, ఒక సవరణ మాత్రమే చెప్పి, ఆ సవరణను తన నోట్‌బుక్ చివరి పేజీలో తేదీతో రాయించండి. తర్వాతి వంతులో ఆ ఒక్కటే చూడండి.