మందుకు దోమ లొంగుతోందా? ట్యూబ్ పరీక్షతో తేల్చుకోండి

ఫాగింగ్ జరిగిన మర్నాడే దోమలు మళ్లీ కుడుతుంటే, అవి మందుకు అలవాటు పడిపోయాయని అనేస్తారు. పొగ ఇంట్లోకి రాకపోయినా, మోతాదు తగ్గినా అలాగే అవుతుంది. అసలు సంగతి తేలాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్యూబ్ పరీక్ష చేయాలి: మందు పూసిన కాగితమున్న గొట్టంలో దోమల్ని ఉంచి, ఎన్ని చస్తాయో చూడటం. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై మీద దాన్ని చేసే పద్ధతి ఇది.

ముందు గుడ్లు కావాలి. నల్ల డబ్బాలో సగం దాకా నీళ్లు పోసి, లోపల చుట్టూ వడపోత కాగితం పెట్టి, వేర్వేరు వీధుల్లో ఉంచండి. ఒక డబ్బాలోని గుడ్లన్నీ ఒకటి రెండు దోమలు పెట్టినవే కావచ్చు. వాటితో ఊరంతటికీ తీర్పు చెప్పలేం. వారం దాటకుండా కాగితాలు తీసి నీళ్లు పారబోయాలి, లేదంటే దోమల్ని మనమే పెంచినట్టు.

పరీక్ష చెడేది ఎక్కువగా ఆ గుడ్ల నుంచి దోమల్ని పెంచడంలోనే. ట్రేలో లార్వాలు కిక్కిరిసినా, మేత చాలకపోయినా దోమలు బక్కచిక్కి, కొద్దిపాటి మందుకే చస్తాయి. నిరోధకత (మందును తట్టుకునే గుణం) ఉన్నా కనపడదు. అలాగని చేపల మేత గుమ్మరిస్తే నీటిపై తెట్టు కట్టి లార్వాలకు ఊపిరాడదు. చిటికెడు వేసి, అది అయిపోయాకే మళ్లీ వేయాలి.

పరీక్షకు 3–5 రోజుల వయసున్న, రక్తం తాగని ఆడదోమలే పనికొస్తాయి. గది వేడి 27 డిగ్రీలు, తేమ 75 శాతం దగ్గర ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన మందు కాగితాల ప్యాకెట్‌ను గది వేడికి వచ్చాకే విప్పండి, లేకపోతే చెమరుస్తాయి. అవి ఏ దోమకు తయారైనవో కూడా చూసుకోండి. మలేరియాను మోసే అనాఫిలిస్‌కు వాడే 0.75 శాతం పెర్మెత్రిన్ మందు ఈడిస్‌కు మరీ ఎక్కువ. మొండి దోమ కూడా దానికి చచ్చి మనల్ని మోసగిస్తుంది.

ఆకుపచ్చ చుక్క ట్యూబ్‌లో 20–25 దోమల్ని వదిలి గంట ఆగండి. పట్టేటప్పుడు దెబ్బతిన్నవి ఈలోగా తెలిసిపోతాయి, తీసేయండి. తర్వాత మెల్లగా ఊది, మందు కాగితమున్న ఎర్ర చుక్క ట్యూబ్‌లోకి పంపి, దాన్ని గంటసేపు నిలువుగా ఉంచాలి. ఇలాంటివి 4, పోల్చి చూసేందుకు మందు లేని కాగితంతో పసుపు చుక్క కంట్రోల్ ట్యూబ్‌లు 2. కంట్రోల్ దోమల్ని ముందే ఎక్కించండి, మందు అంటిన చేత్తో వాటిని ముట్టుకోవద్దు. గంట కాగానే అన్నిటినీ ఆకుపచ్చ ట్యూబ్‌లకు మార్చి, 10 శాతం పంచదార నీటిలో తడిపిన దూది పెట్టి 24 గంటలు వదిలేయండి.

లెక్క మర్నాడే. గంటకు కూలబడ్డ దోమ తెల్లారేసరికి లేచి ఎగరొచ్చు. ఎగరగలిగితే కాళ్లు ఊడినా బతికినట్టే. నిలబడలేక కొట్టుకుంటున్నది చచ్చినట్టే.

కంట్రోల్‌లో చావులు 20 శాతం దాటితే పరీక్ష మొత్తం చెత్తబుట్టకే. 5–20 మధ్య ఉంటే సరిచేయాలి. మందు ట్యూబ్‌లలో 84 శాతం, కంట్రోల్‌లో 8 శాతం చచ్చాయనుకోండి: 84లోంచి 8 తీసేసి, వచ్చిన 76ను 92తో భాగించి 100తో గుణిస్తే 82.6. చావులు 98 శాతం, ఆపైన ఉంటే మందు పనిచేస్తోంది. 90 లోపైతే నిరోధకత ఖాయం. మధ్యలో పడితే కొత్త దోమలతో మళ్లీ చేయాలి.

నిరోధకత తేలితే డెల్టామెత్రిన్ మానేసి సైపర్‌మెత్రిన్ కొనేస్తుంటారు. రెండూ పైరెథ్రాయిడ్లు అనే ఒకే కుటుంబపు మందులే, దోమ నరాల్లోని ఒకే సోడియం ద్వారాన్ని దెబ్బతీస్తాయి. దానికి బదులు మరో విడత దోమల్ని 4 శాతం పీబీఓ (మందును విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకునే రసాయనం) కాగితంపై గంట ఉంచి, ఆ తర్వాత అదే మందు కాగితంపైకి పంపండి. చావులు బాగా పెరిగితే మందును విరగ్గొట్టే ఎంజైములున్నట్టు. పెరగకపోతే సోడియం ద్వారమే మారి ఉండొచ్చు; అప్పుడు దోమల్ని జన్యుపరీక్షకు పంపి, వేరే తీరున పనిచేసే మలాథియాన్‌కు విడిగా ఇదే ట్యూబ్ పరీక్ష పెట్టండి.